అచ్చియ్యమ్మ చిటికెడు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, నరసింహస్వామి కొండ కింద అచ్చియ్యమ్మ అని ఒక వంటావిడ ఉండేది. ఊఁ కొడుతున్నారా తల్లీ? కొట్టకపోతే కథ ఆగిపోతుంది మరి.

ఆవిడ రోజూ చక్కెరపొంగలి వండి కొండమీదికి పంపేది. స్వామి ఆరగించాక మిగిలింది కిందికొచ్చేది. ప్రసాదం పారేస్తే పాపం కదా! మెతుకు వదలకుండా తానే తినేది. ఏళ్ళు గడిచాయి. ఒళ్ళు పెరిగింది, మోకాళ్ళు అరిగాయి. లేస్తే కలుక్కు, కూర్చుంటే కలుక్కు.

ఆవిడకి ఒకటే కోరిక. తన చేతి వంట స్వామి ముందు పెడుతుంటే ఒక్కసారి చూసి పోవాలి.

మొదటి కార్తీకంలో పదో మెట్టు మీద కూలబడింది. "ఈ ఏడు కుదర్లేదు స్వామీ" అని దిగింది. రెండో కార్తీకంలో ఏడో మెట్టు. "ఈ ఏడూ కుదర్లేదు స్వామీ." మూడో కార్తీకంలో మూడో మెట్టే!

ఎముకలకి కట్లు కట్టే గవరయ్య చూసి నవ్వాడు. "ఏంటక్కా, స్వామినే కిందికి దిగి రమ్మంటావా?"

"నవ్వింది చాల్లేరా, మోకాళ్ళకి నూనె రాయి."

"రాస్తాను. కాసేపు ఊరుకుంటాయి, అంతే." నిండు బిందె తెచ్చి చూపించాడు. "ఇది నెత్తిన పెట్టుకుని కొండెక్కుతావా?"

"చస్తానురా!"

"ఇలాంటివి రెండు ఒంటిమీద మోస్తున్నావు. మెట్టెక్కితే ఆ బరువు మోకాలి మీద మూడింతలై కూర్చుంటుంది. పొంగలి తగ్గించు."

"ప్రసాదం కాదంటే కళ్ళు పోతాయిరా!"

"కాదనొద్దు. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకో. మిగతాది నువ్వే నడిచెళ్ళి పంచు."

నడిచింది. మొదట పక్కింటి దాకా, తర్వాత సందు చివరిదాకా, తర్వాత ఊరంతా. మోకాళ్ళు కొత్తవైపోలేదు నాయనా, స్వామి ఎదుట అబద్ధం చెప్పను. కానీ ఒళ్ళు తగ్గింది, నొప్పీ తగ్గింది.

నాలుగో కార్తీకంలో పొంగలి దించి బయల్దేరింది. మూడు మెట్లు ఎక్కడం, కూర్చోవడం. గిన్నె మోసే మనిషి ఆవిణ్ణి దాటిపోవడానికి మనసొప్పక వెనకే నడిచాడు. ఆ రోజు స్వామికి ఆరగింపు బాగా ఆలస్యమైంది. పూజారి పొంగలి స్వామి ముందు పెట్టి, తెర వెయ్యబోయి, ఆవిణ్ణి చూసి ఆగాడు.

ఆవిడ చేతులు జోడించి, "మెల్లగా తిను నాయనా" అంది.

అచ్చియ్యమ్మ పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ కొండమీద పెద్దవాళ్ళు ప్రసాదం కళ్ళకద్దుకుని, "అచ్చియ్యమ్మ చిటికెడు" అని ఇంత నోట్లో వేసుకుని, మిగతాది పక్కవాళ్ళ చేతిలో పెడతారు. మెట్ల మీద ఎవరైనా ముసలావిడ కూర్చుంటే వెనకవాళ్ళు తోసుకుపోరు.

"తొందరేం లేదమ్మా, కూర్చో. స్వామి ఆగుతాడు" అంటారు.