కొమ్మ మైసమ్మ గుడి: పదహారడుగుల గుమ్మం కథ

శ్రీ కొమ్మ మైసమ్మ తల్లి ఆలయం మన నగరంలో పాత మిల్లు గోడ దాటాక, రోడ్డు ఎడమకు తిరిగే మూలమీద ఉంది. చిన్న గుడి. లోపల పసుపు రాసిన రాయి, దాని వెనుక నరికిన చింతమొద్దు తప్ప వేరే విగ్రహం లేదు. గుమ్మం ఎత్తు మాత్రం పదహారడుగులు. రెండంతస్తుల బస్సు ఇబ్బంది లేకుండా పట్టేంత ఎత్తు. అయినా ఇక్కడికి వచ్చే ప్రతి భక్తుడూ తల బాగా వంచి, చేతులు దగ్గరకు ముడుచుకునే లోపలికి అడుగుపెడతాడు. కొత్తవాళ్ళకు ఇది నవ్వు తెప్పిస్తుంది. కారణం తెలిసినవాళ్ళు నవ్వరు.

ఆలయ కమిటీ వారు ఈ పుస్తకంలో అమ్మవారి మహిమలు నాలుగైనా చేర్చమన్నారు. నాకు తెలిసిన మహిమ ఒక్కటీ లేదు. జరిగింది మాత్రం తెలుసు, అదే రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఒక పెద్ద చింతచెట్టు, దాని మొదట్లో మైసమ్మ రాయి, పక్కన జామకాయలు అమ్ముకునే బాలమణి గంప ఉండేవి. చెట్టు కొమ్మ ఒకటి రోడ్డుమీదికి సాగి ఉండేది. ఈ దారిన రెండంతస్తుల బస్సు వేసినప్పుడు ఆ కొమ్మ పై అంతస్తు కిటికీలను రాసుకుంటూ పోయేది. దాన్ని నరకాలని నిర్ణయమైంది. నరికేవాళ్ళు వచ్చే రోజు తెల్లవారుజామున పై అంతస్తు కండక్టరు రాజలింగానికి కలలో మైసమ్మ కనబడింది. "ఆ కొమ్మ నా చెయ్యి. నరకనియ్యకు. నువ్వు చెప్పు, బస్సుల కూసున్నోళ్ళు వంగుతరు" అన్నది. రాజలింగం పరుగున వచ్చి గొడ్డళ్ళకు అడ్డం నిలబడ్డాడు. "కొమ్మ వచ్చినప్పుడల్లా నేను చెప్త. ఒక్క తలకు దెబ్బ తగిలినా నన్ను అడుగుండ్రి" అని అందరి ముందూ మాట ఇచ్చాడు. కొమ్మ నిలిచింది.

పదకొండేళ్ళు అతను మాట తప్పలేదు. మిల్లు గోడ రాగానే "తలకాయలు లోపలికి!" అని కేక వేసేవాడు, పై అంతస్తు అంతా ఒక్కసారే వంగేది. బాలమణి కూతురు స్వరూప ఏడో తరగతి చదివేది. తల్లి పొద్దున్నే మార్కెట్టుకు పోయి గంపతో ఇక్కడికి చేరేది. పిల్ల తర్వాత బస్తీలో బస్సెక్కి ఇదే దారిన బడికి వెళ్ళేది. పైన ముందు కిటికీ ఆమెది. అమ్మ ఎక్కడుందోనని మెడ బయటపెట్టి చూసేది, కేక వినగానే లోపలికి తీసుకునేది, కొమ్మ దాటగానే మళ్ళీ తొంగి చూసి చెయ్యి ఊపేది. ఆ కేకను అంతగా నమ్ముకుంది పాపం.

ఒక సోమవారం కింది అంతస్తు కండక్టరు ఖాజా తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. "నువ్వు పో భాయ్. రెండంతస్తులు నేను జూసుకుంట" అన్నాడు రాజలింగం. మంచితనంతోనే అన్నాడు. కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మిల్లు గోడ కనబడగానే అతను మెట్ల వైపు కదిలాడు. "ముందు మా టికెట్లు కొట్టి పోవయ్యా, పైన ఏం మునిగిపోయింది" అని ముగ్గురు నలుగురు చెయ్యి పట్టుకుని ఆపారు. వాళ్ళలో నేనొకణ్ణి.

పైన కేక వినబడలేదు. స్వరూప తల బయటే ఉంది. బాలమణి చూస్తుండగానే ఆ కొమ్మ తగిలింది. పిల్ల ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

మరునాడు చెట్టును మొదలంటా నరికేశారు. రాజలింగం మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళలేదు. మొద్దు పక్కన కూర్చుని "నీ చెయ్యి కాపాడినందుకు ఇదా తల్లీ నువ్వు చేసింది" అని రాయిని అడిగాడు. మైసమ్మ ఇక అతని కలలోకి రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తుంది? ఆనాటినుంచి బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, లేని కొమ్మ కోసం కేక వేసేవాడు. రెండంతస్తుల బస్సులు ఆగిపోయాక దారిన పోయే మనుషులకు వేశాడు. చాలామంది పిచ్చివాడన్నారు. కొందరు జాలిపడి వంగారు. అలా వంగినవాళ్ళే కొన్నేళ్ళకు గుడి కట్టించారు. గుమ్మం ఎంత ఎత్తుండాలో రాజలింగమే చెప్పాడు. "ఇంక ఏ తలకూ ఏదీ తగలొద్దు" అన్నాడు.

బాలమణికి వేరే బతుకుతెరువు లేదు. గంప పెట్టుకుని ఆ మూలమీదే కూర్చుంది. పద్నాలుగేళ్ళు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం రాజలింగం కేక వేయబోతే దగ్గుతెర అడ్డుపడింది. గుమ్మంలోకి ఒక ఆడపిల్ల తలెత్తుకుని నడిచిపోతోంది. "తలకాయ లోపలికి, బిడ్డా!" అని గంప వెనుకనుంచి బాలమణి అరిచింది. రాజలింగం ఏడుస్తూ ఆమెకు చేతులు జోడించాడు.

"నీ కోసం గాదు. నీ దండం నాకొద్దు" అన్నది బాలమణి.

ఆ ఏడే అతను పోయాడు.

నేటికీ ఈ గుడిలో కేక వేసేది బాలమణే. ఉప్పుకారం చల్లిన జామముక్కే ఇక్కడి ప్రసాదం, అదీ ఆమె గంపలోదే. ఈమధ్య ఈ దారిన మళ్ళీ రెండంతస్తుల బస్సులు తిరుగుతున్నాయి. వాటి పై కిటికీలు తెరుచుకోవు, అద్దాల వెనుక పిల్లలకు ఆమె మాట వినబడదు. అయినా మోకాళ్ళు పట్టుకుని లేచి కేక వేస్తుంది. ఆమె మాత్రం ఇంతవరకూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. పూజారి పిలిస్తే "ఆ చెయ్యే నా బిడ్డను గొట్టింది. ఏమని మొక్కాలె?" అంటుంది.

ఇక్కడ మొక్కితే సంతానం కలుగుతుందనీ ఉద్యోగం వస్తుందనీ నేను రాయలేను. వంగిన తల క్షేమంగా ఇల్లు చేరుతుందని భక్తుల నమ్మకం. నేనూ ప్రతి సోమవారం వచ్చి వంగుతాను. "తల లోపలికి, సారూ" అంటుంది బాలమణి. మొన్న జామముక్క నా చేతిలో పెడుతూ, పుస్తకంలో ఏం రాసినవని అడిగింది. ఆమెకు చదువు రాదు.

"నీ బిడ్డ పేరు రాసిన" అన్నాను.

"గంతే చాలు సారూ" అన్నది.