పచ్చ తువ్వాలు మూట

రసూలుకు ఒళ్లు తగ్గడం లేదు.

అట్లని చేతులు ముడుచుకుని కూర్చున్నాడా అంటే, లేదు పాపం. కోడి కూయకముందే లేస్తాడు. గుట్ట కింద దర్గా నుంచి రైలుగేటు దాకా పరుగు, మళ్లీ వెనక్కి పరుగు. వచ్చి దండీలు, బస్కీలు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. తిండి విషయం చెప్పనే అక్కర్లేదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, మధ్యాహ్నం సగం రాగిముద్ద. తిన్నది తిన్నట్టు ఫోనులో ఎక్కిస్తాడు. అందులో ఒక యాప్ ఉంది, ఏం తిన్నావో చెప్తే ఎన్ని క్యాలరీలో అది లెక్కగడుతుంది. ఉల్లిపాయ ముక్క కొరికినా ఎక్కించేవాడు, అంత నిజాయితీ! ఇంత చేసినా, బరువు చూసుకునే మిషను మాత్రం మొండికేసింది.

ఇదంతా షోకు కోసం కాదు. దర్గాలో కొలువైన వలీ సాహెబు తపస్సు చేసిన గుహ గుట్ట పైన ఉంది. ఏటా ఆయన పేర జరిగే ఉరుసు పండగ నాడు గంధం కుండ నెత్తిన పెట్టుకుని, ఎక్కడా దించకుండా, కూర్చోకుండా మెట్లెక్కి ఆ గుహకు చేర్చాలి. రసూలు జేజినాయన మోశాడు, నాయన మోశాడు. పోయినేడు రసూలు మోస్తూ మోస్తూ సగం దారిలో, వేపచెట్టు కాడ, రొప్పుకుంటూ కూలబడ్డాడు. మేనమామ కొడుకు జిలాని పరిగెత్తుకొచ్చి కుండ అందుకున్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఊరంతా చూసింది. ఆ సిగ్గు వాడిని ఏడాది పొడుగునా నిద్రపోనివ్వలేదు. ఈసారి గంధం నా నెత్తి మీదనే పైకి పోవాలి, ప్రాణం పోయినా దించను అని తీర్మానించుకున్నాడు.

ఉరుసు దగ్గర పడింది. ఇంక ఉండబట్టలేక గురువు దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆయన లాలప్ప తాత, ఆ దర్గా చూసుకునే ముసలి ఫకీరు. ఊదు వేయడానికి బొగ్గులు రాజేస్తున్నాడు.

"తాతా, నాకేమన్నా గాలి సోకిందేమో చూడు."

"ఏమైంది రా?"

"పరిగెత్తేది పరిగెత్తతానే ఉండా. తినేది కోడిపిల్ల తిన్నంత. అయినా ఒళ్లు దిగల్యా. ఒక తాయెత్తన్నా కట్టు తాతా. లేకుంటే ఈ ఏడు గూడా జిలానిగాడే మోస్తాడు."

తాత నవ్వలేదు. "తిన్నదంతా ఆ ఫోనులో ఎక్కిస్తాండావా?"

"వలీ సాహెబు మీద ఆన. ఒక్కటి ఇడిసిపెట్టల్యా."

తాత భుజం మీది పచ్చ తువ్వాలు తీసి వాడి ఒళ్లో వేశాడు. "రేపు బేస్తవారం. ఫోనులో ఎక్కించేది నువ్వు తిను. ఎక్కించనిది నోట్లో పెట్టుకోవాకు, ఈ గుడ్డలో వెయ్యి. పొద్దుగూకినాక నాకు చూపియ్యి."

"ఎక్కించనిది ఏముంటాది తాతా? గుడ్డ ఇచ్చింది ఇచ్చినట్టే మడతపెట్టి ఇస్తా, సూడు!"

బేస్తవారం నాడు దర్గాకు జనం బాగా వస్తారు. గడప దగ్గర కూర్చోవడం రసూలు పని. వాళ్లు తెచ్చిన దాని మీద ఫాతెహా ప్రార్థన చదివి, నెమలీకల కట్టతో తల నిమిరి పంపిస్తాడు. చదివించుకున్న వాళ్లు అందులోంచి ఒక పిడికెడు చదివిన వాడి చేతిలో పెట్టి పోవడం అక్కడి ఆచారం. వద్దంటే వాళ్ల మనసు చిన్నబోతుంది.

మొదట ఓబులమ్మవ్వ వచ్చింది, మలీదా తీసుకుని. రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ పోసి కలిపింది. చదివించుకుని, ఇంత పెద్ద ముద్ద వాడి చేతిలో పెట్టింది.

"తిను నాయనా. మా మనవనికి జరం ఇడిసింది."

చెయ్యి అలవాటుగా నోటి దాకా పోయింది. అక్కడ ఆగింది.

దీన్ని ఫోనులో ఎక్కించాలా? ఛ, చదివింపును ఎవరన్నా లెక్కగడతారా! అది వలీ సాహెబు దయ, తిండి ఎట్లయితాది? ఇన్ని రోజుల్లో ఒక్కసారన్నా ఎక్కించినానా? లేదే! మరి ఎక్కించనప్పుడు...

ముద్దను గుడ్డలో వేశాడు. అవ్వ వింతగా చూసింది. "మళ్లా తింటాలే అవ్వా," అని నీళ్లు నమిలాడు.

ఆ వెనక బొరుగులు, పుట్నాలపప్పు వచ్చాయి. చక్కెర, ఖర్జూరాలు వచ్చాయి. కొత్త లారీ కొన్నాయన కోవాబిళ్లలు తెచ్చాడు. పెండ్లి కుదిరినోళ్లు నెయ్యి కారే తీపన్నం ఆకులో పొట్లం కట్టి ఇచ్చారు. మళ్లీ మలీదా, మళ్లీ బొరుగులు. ఒక్కొక్కటీ గుడ్డలో పడేకొద్దీ రసూలు ముఖంలో ధీమా దిగిపోతూ వచ్చింది. సాయంత్రానికి తువ్వాలు కొసలు ముడిపడక, వచ్చిన వాళ్లకు కట్టే మొలతాడొకటి తీసి బిగించాల్సి వచ్చింది.

పొద్దు వాలుతుండగా తాత వచ్చాడు. మూటను చూశాడు.

"నెత్తిన పెట్టుకో. పా, పైకి పోదాం."

తాత ముందు, వాడు వెనక. వేపచెట్టు దాకా వచ్చేసరికి రసూలుకు ఊపిరి అందలేదు. మెడ నరాలు లాగేస్తున్నాయి. తాత ఆగి, వెనక్కి తిరిగి, ఏమీ తెలియనట్టు అడిగాడు.

"నెత్తి మీద అదేంది రా?"

రసూలు కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్నాళ్లూ నేను తినల్యా అనుకున్న తిండి, తాతా."

తాత మెట్టు మీద కూర్చుని మూట విప్పాడు. గింజంత మలీదా తీసి కండ్లకద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. మరో గింజంత రసూలు నోట్లో పెట్టాడు.

"వలీ సాహెబు దయ ఏమన్నా తక్కువైందా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. మిగిలిందంతా గుట్ట దిగుతున్న మేకలోళ్లకు పంచేసి, ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు.

మరుసటి బేస్తవారం ఓబులమ్మవ్వ పిడికిలి నింపబోతే, రసూలు అందులోంచి గింజంత తీసుకుని కండ్లకద్దుకున్నాడు. "తక్కింది మీ మనవనికి పెట్టు అవ్వా, జరం పడి లేచినోడు." అవ్వ ముఖం చిన్నబోలేదు సరికదా, వెలిగిపోయింది. పొద్దున పరుగు మాత్రం వాడు మానలేదు.

ఉరుసు వచ్చింది. అబద్ధమెందుకు, వాడేమీ బక్కచిక్కిపోలేదు. బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగింది, అంతే. గంధం కుండ నెత్తికెత్తుకున్నాడు. డప్పులు మోగాయి. వేపచెట్టు కాడికి వచ్చేసరికి ఎగశ్వాస మొదలైంది, పిక్కలు మండిపోయాయి. జనం గుసగుసలు పోయారు. జిలాని పక్కకొచ్చి చేతులు చాచాడు.

వెనక నుంచి తాత గొంతు వినిపించింది. "దించుతావా రా?"

రసూలు కుండను రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. వేపచెట్టు దాటి, తరువాతి మెట్టు మీద కాలు పెట్టాడు.