ఇరవై మూడు మిల్లీగ్రేలు

ఎలీషాకు లెక్క తేలింది గానీ, దాన్ని ఆ మనిషికి ఎలా చెప్పాలో తేలలేదు.

క్యాన్సర్ ఆసుపత్రి నేలమాళిగలో అతని గది. రేడియేషన్ కొలవడం అతని పని. అక్కడికి రోగులు రారు, కాగితాలే వస్తాయి. రోజంతా మాట్లాడే మనిషి ఉండడు. ఈసారి మనిషే వచ్చింది. పేరు రాజ్యం, పొదిలి వైపు ఊరు. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలితే కడుపుకు సీటీ స్కాన్ తీశారు. నెల తప్పిన సంగతి అప్పటికి ఆమెకే తెలీదు. తెలిశాక ఇంటా బయటా ఒకటే మాట: "స్కాన్ తగిలిన బిడ్డ, తీయించెయ్." బిడ్డకు రేడియేషన్ ఎంత అందిందో తేల్చమని ఆమెను చూసే డాక్టరమ్మ ఇక్కడికి పంపింది.

ఎలీషా ఉజ్జాయింపుగా చెప్పే రకం కాదు. ఆమె నడుం కొలత, ఆ రోజు మిషన్ నడిపిన తీరు అన్నీ కనుక్కుని, కంప్యూటర్‌లో అచ్చం ఆమెలాంటి శరీరాన్నే కట్టాడు. పిండానికి అందింది ఇరవై మూడు మిల్లీగ్రేలు. వంద దాటితేగానీ వైద్యులు బెంగపడరు.

గుమ్మంలో నిలబడి అదే చెప్పాడు. బయట బల్ల మీద కూర్చున్న రాజ్యం తలెత్తింది.

"అంటే?"

"ప్రమాదం చాలా తక్కువమ్మా."

"తక్కువంటే, ఉందనేగా సార్?"

ఎలీషా లోపలికొచ్చి మళ్లీ లెక్క మొదలుపెట్టాడు.

అతనికి ఈ విద్య నేర్పిన మెహరున్నీసా మేడమ్ వచ్చేసరికి తలపట్టుకుని ఉన్నాడు.

"ఇంకా కచ్చితంగా తేల్చాలి మేడమ్. ఆమె నమ్మడం లేదు."

ఆవిడ తెర మీది అంకెలన్నీ చూశారు. "లెక్క బాగుంది. తోడెవరొచ్చారు ఆమెకు?"

"తెలీదు మేడమ్."

ఆవిడ అతణ్ణి లేవమని, అతని కుర్చీ తనే ఎత్తుకెళ్లి బయట రాజ్యం పక్కన వేసి, మెట్లెక్కి వెళ్లిపోయారు.

గదిలో ఇంకో కుర్చీ లేదు. ఎలీషా వెళ్లి అక్కడే కూర్చున్నాడు.

"తోడెవరూ రాలేదా అమ్మా?"

"రావాల్సిన మనిషి ఆ రోజే పోయాడు సార్. బండి తోలింది ఆయనే." ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "కడుపులో ఇది ఉందని ఆయనకు తెలీదు."

ఎలీషా కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. మెల్లగా అన్నాడు:

"ఏ బిడ్డకైనా ఏమీ కాదని ఎవరూ మాటివ్వలేరమ్మా. కానీ ఈ స్కాన్‌కు భయపడి బిడ్డను పోగొట్టుకోవాల్సిన పనిలేదు. అందింది కొంచెమే. నేను కొలిచాను. మీ డాక్టరమ్మతో నేనే మాట్లాడతాను."

రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను లేచి వెళ్లలేదు.

సాయంత్రం దగ్గరుండి బస్సెక్కించాడు. బస్సు కదిలేముందు ఆమె కిటికీలోంచి అంది:

"కడుపుతో ఉన్నానని సంతోషంగా ఇంతవరకు ఎవరితోనూ అనలేదు సార్. ఒక్కసారి అనాలనుంది. మీతో అంటున్నా."

తిరిగొచ్చేసరికి మేడమ్ అతని గదిలోనే ఉన్నారు.

"చెప్పావా?"

"చెప్పాను మేడమ్."

"ఏమంది?"

అతను బయటున్న కుర్చీ తెచ్చి ఆవిడకు వేశాడు. ఆవిడ కంప్యూటర్ కట్టేశారు.

"ఇవాళ్టికి లెక్కలు చాలు నాయనా."