అందరి తరపునా స్నానం

అనగనగా ఒక అడవిలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఏరు ఎండిపోయిందర్రా. ఇసుకలో చెలమ తవ్వితేనే గుక్కెడు నీళ్లు. ఆ ఏటికి ఇవతలి గట్టున ఒక తల్లి కుందేలు ఉండేది. పేరు సింగమ్మ. నవ్వకండి, వాళ్లమ్మ ముచ్చటపడి పెట్టుకుంది. సింగమ్మ పిల్లాడికి వడదెబ్బ తగిలింది. నీళ్లు పడకపోతే బతకడు.

ఇవతలి గట్టుది ఓట్ల రాజ్యం. ప్రతి పున్నమికీ ఎన్నికలే. గెలిచేది ఎప్పుడూ నక్కే అనుకోండి, అది వేరే సంగతి. చెలమ ఎవరు తవ్వితే నీళ్లు వాళ్లవి. తవ్వే మూతులున్నది అడవిపందులకు, కాబట్టి చెలమలన్నీ వాటివే. సింగమ్మ వెళ్లి నక్కను బతిమాలింది.

"నీకు ఓటుంది, నోరుంది. ఇంకేం కావాలమ్మా? కావాలంటే నన్ను తిట్టుకో, ఎవరూ ఏమీ అనరు" అంది నక్క.

సింగమ్మ కసితీరా తిట్టింది. నక్క చిరునవ్వుతో వింది. సింగమ్మ గొంతులో ఉన్న కాస్త తడీ ఆరిపోయింది.

పిల్లాణ్ణి వీపునేసుకుని అవతలి గట్టుకు పోయింది. అది సమాన రాజ్యం. చెలమలన్నీ అందరివీ. అక్కడ నీళ్లు పంచే పెద్ద ఎలుగుబంటి. అది తలా ఒక దొప్పెడు నీళ్లు పోసింది. పిల్లాడు కళ్లు తెరిచాడు. సింగమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది. మర్నాడు అర దొప్పే వచ్చింది. ఆ మర్నాడు దొప్ప అడుగు తడిసింది, అంతే. ఎలుగుబంటి ఒళ్లు మాత్రం నీళ్లోడుతోంది.

"పెద్దయ్యా, తమరి ఒళ్లు తడిగా ఉందేం?" అని అడిగేసింది సింగమ్మ. చుట్టూ ఉన్న జంతువులన్నీ ఆకాశంలోకి చూడ్డం మొదలెట్టాయి.

"అందరూ స్నానం చేస్తే నీళ్లు చాలవు. అందుకే అందరి తరపునా నేను చేశాను" అంది ఎలుగుబంటి. ఆ వెంటనే సింగమ్మ చేతిలోని దొప్ప లాక్కుని, గట్టు దిగి పొమ్మంది.

ఇవతల నీళ్లు లేవు, అవతల నోరు లేదు. సింగమ్మ ఏటి నడుమ కూలబడింది. రెండు గట్లవాళ్లూ మాది గొప్పంటే మాది గొప్పని అరుచుకుంటున్నారు. పిల్లాడు మళ్లీ కళ్లు తేలేస్తున్నాడు. ఇక ఎవర్నీ అడగకుండా సింగమ్మ ఇసుక తవ్వడం మొదలెట్టింది. ఆ చిన్న గోళ్లకు ఎంతని తెగుతుంది, పాపం! అది చూడలేక ఇవతల నుంచి ముంగిస, అవతల నుంచి ముళ్లపంది వచ్చి చెయ్యేశాయి. నీళ్లు ఊరాయి. ముందు పిల్లాడు తాగాడు.

ఊట పడిందని తెలియగానే నక్కా ఎలుగుబంటీ పరుగెత్తుకొచ్చాయి. ఇది మా ఓటు మహిమ అని ఒకటి, మా సమానత్వం మహిమ అని ఇంకొకటి. పంచే పెద్దరికం నాకిమ్మంటే నాకిమ్మన్నాయి.

"తప్పకుండా. ఓటేసే ఇస్తాం. తలా ఒకటే దొప్ప. ఎవరేం అడిగినా జవాబు చెప్పాలి. పంచేవాళ్లు అందరికన్నా చివర తాగాలి" అంది సింగమ్మ.

నక్కకు గట్టు మీద ఏదో పని గుర్తొచ్చింది. ఎలుగుబంటికి ఎందుకో ఆ రోజు దాహమే వెయ్యలేదు.

నీతి: దాహం తీర్చని ఓటూ, నోరు నొక్కే వాటా, రెండూ బిడ్డను బతికించవు. ఏ రాజ్యం మంచిదో తెలియాలంటే పంచేవాడు ఎప్పుడు తాగుతున్నాడో చూడండి.