పుట్టింటమ్మ రేవు

గోదావరి రెండు కొండల నడుమ ఇరుకుగా పారి ఒక్కసారిగా విశాలమయ్యే చోట, నల్లరాతి గుండు వెనుక శ్రీ పుట్టింటమ్మ వారి ఆలయం ఉన్నది. రోడ్డు లేదు, భక్తులు లాంచీలోనే రావాలి. మూరెడు ఎత్తు కంచు విగ్రహం నదికి ఎగువ దిక్కుగా చూస్తూ ఉంటుంది. ఆడపడుచులు ఎక్కువగా వస్తారు కనుక అమ్మవారికి ఈ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. పెద్దలు చెప్పే కథ వేరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఎగువన కొండకోటలో కొలువైన అమ్మవారిని వసంతోత్సవానికి తెరచాప పడవలో దిగువ ఊరికి తీసుకువెళ్ళేవారు. ఆ యాత్రకు కావలి బసవనాయుడు. పొరుగు సీమలో ఒక ఉత్సవమూర్తిని దొంగలు ఎత్తుకుపోయారని విన్నది మొదలు ఆయన నీడను కూడా నిలదీసే మనిషి అయ్యాడు. పాత పడవవాళ్ళు జ్వరాలతో మంచాన పడటంతో ఆ ఏడు కామాడి నూకయ్య అనే కొత్త సరంగును పిలిపించారు. అతనూ, అతని మనుషులూ మాట్లాడేది తెలుగే అయినా నాయుడికి తలా తోకా బోధపడలేదు. "ముసలోడు పళ్ళు చూపిస్తన్నాడు" అంటాడొకడు. వెంటనే ఇంకొకడు పడవను పక్కకు తిప్పుతాడు. ఏమిటీ సైగలు? ఎవరికోసం? నాయుడు అమ్మవారి కొయ్యపెట్టెకు ఆనుకుని కూర్చుని, ఒరలో కత్తి వదులు చేసుకున్నాడు.

పడవ ఇరుకులోకి రాగానే నూకయ్య కేక పెట్టాడు.

"అత్త లేచింది! కోడల్ని దించండి!"

పడవలో ఆడరూపం అమ్మవారిదొక్కటే. నాయుడు చప్పున లేచాడు. ఒడ్డున ఎవరో పొంచి ఉన్నారు, అమ్మను దించి వాళ్ళకు అప్పగించబోతున్నారు! ఒక పడవవాడు తాడు వైపు దూకగానే ఆయన కత్తి దూసి అడ్డం నిలిచాడు.

"తాడు ముట్టుకున్నావో, చెయ్యి తెగుతుంది!"

"నాయుడుగారో, అడ్డు తప్పుకోండి! కోడల్ని దించకపోతే అందరం పోతామండి!" అని నూకయ్య మొత్తుకుంటుండగానే కొండ మలుపు నుంచి సుడిగాలి వచ్చి నిండు తెరచాపను కొట్టింది. పడవ బోల్తాపడింది. మనుషులందరూ ఎలాగో ఇసుకతిన్నె చేరారు. పెట్టె మాత్రం కనిపించలేదు.

నాయుడు నూకయ్య చేతులు విరిచికట్టించి, "ఎక్కడ దాచావు?" అని గద్దించాడు.

"నీళ్ళ మీద సుడిగాలి పేరెత్తితే వింటుందని మా భయమండి. అందుకే అత్తంటాం. కోడలంటే తెరచాప. ముసలోడి పళ్ళంటే నీళ్ళలో రాళ్ళు."

అప్పటికప్పుడు అల్లిన కథ అనుకున్నాడు నాయుడు. తెల్లవారుజామున కునుకు పట్టగా, తడిసిన ఎర్రచీరతో ఒక ముత్తయిదువ కలలో నిలిచింది. "నీ అనుమానమే నన్ను ముంచింది నాయనా. అతని కట్లు విప్పు. నేనెక్కడున్నానో అతన్నే అడుగు" అన్నది.

ఆయన కలను కూడా సగమే నమ్మాడు. కట్లు విప్పి అడిగాడు.

"పుట్టింటికి చేరుంటుందండి" అన్నాడు నూకయ్య.

"ఎవరి పుట్టిల్లు? ఎవరికి అందించావు?" నాయుడి చెయ్యి మళ్ళీ కత్తి మీదికి పోయింది.

నూకయ్య మణికట్లు రుద్దుకుంటూ దిగువనున్న నల్లగుండును చూపించాడు. దాని వెనుక ప్రవాహం వెనుదిరిగి నిలుస్తుందనీ, ఎగువన గోదారి మింగినదంతా అక్కడికే చేరుతుందనీ, తమ వాళ్ళు ఆ చోటును పుట్టిల్లంటారనీ చెప్పాడు.

వెళ్ళి చూస్తే నురగల మధ్య రాతికి ఆనుకుని పెట్టె ఉన్నది. ఎందరు పట్టినా కదలలేదు. నాయుడు మొలలోతు నీళ్ళలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడవకండి బాబూ. పుట్టింటికి వచ్చిన పిల్లని వెంటనే పొమ్మంటామా?" అన్నాడు నూకయ్య.

అమ్మవారిని అక్కడే ప్రతిష్ఠించారు.

నేటికీ చైత్ర పౌర్ణమినాడు నాయుడి వంశీకులు సరంగు వంశీకుని ముంజేతికి చుట్టిన దర్భతాడు విప్పి, "అన్నా, నాకు తెలియని మీ మాట ఒకటి చెప్పు" అని అడుగుతారు. అతడు చెబుతాడు, అర్థమూ విప్పుతాడు. ఆ తరువాతే హారతి. అనుమానంతో విడిపోయిన ఆలుమగలు, అన్నదమ్ములు ఆ హారతి కళ్ళకద్దుకుంటే మనసులు కలుస్తాయని భక్తుల విశ్వాసం. ఇన్ని తరాలు గడిచినా, సరంగులు ఒకసారి చెప్పిన మాటనే మళ్ళీ చెప్పవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.