చెక్క చేపకు పొట్ట ఎటు?

గంగారాం చెక్కిన చేప మళ్లీ వెల్లకిలా పడింది.

నీటి మీద తేలుతూ, ఈదుతున్నట్టు కనిపించి కొరమీనును ఊరించాల్సిన చెక్క ఎర అది. చెరువులోకి విసిరితే చాలు, పొట్ట పైకి పెట్టి చచ్చినట్టు పడుకునేది. సీసం కూరితే సరిగ్గా నిలిచేది గానీ ఇక కదిలేది కాదు.

తాను చేసిన ఎరకు కొరమీను పడ్డాకే శిష్యుడు సొంతంగా పని పెట్టుకోవాలన్నది చెక్కపని నేర్పే ఖాజామియా ఉస్తాద్ నియమం. వెనక వచ్చినవాళ్లు కూడా గెలిచి వెళ్లిపోయారు. గంగారాంకు తల కొట్టేసినట్టుగా ఉంది. ఈసారీ పడకపోతే ఉలి వదిలేసి ఊరికి పోదామనుకున్నాడు.

చెక్క ఏరడంలో అతనికి లోటు లేదు. చారలు బాగా తేలిన టేకు ముక్కే తీసేవాడు. ఆ చారలు వీపు మీదికి వచ్చేలా చెక్కేవాడు. చూసినవాళ్లంతా ఆహా అనేవాళ్లు, కొరమీను తప్ప. బొమ్మలు చేసే, పాలిపోయినట్టుండే పొణికి చెక్క వంక కన్నెత్తి చూసేవాడు కాదు.

"ఇంతకన్నా మంచి చెక్క యాడుంటది ఉస్తాద్?" అన్నాడు గంగారాం.

ఉస్తాద్ చెక్కల కుప్ప దగ్గరికి నడిచాడు. ఉలి తగలని టేకు ముక్క ఒకటి, పొణికి ముక్క ఒకటి తీసి చెరువులోకి గిరాటేశాడు.

టేకు ముక్క దాదాపు మునిగి, కదలకుండా ఉండిపోయింది. పొణికి ముక్క ఒకసారి దొర్లి, సర్దుకుని, చిన్న అలకు కూడా ఊగుతూ తేలింది.

"ఆ పొణికి ముక్కను తిర్లేసి చూడు," అన్నాడు ఉస్తాద్.

గంగారాం మోకాళ్ల లోతు దిగి తిరగేశాడు. చెయ్యి తియ్యగానే అది దొర్లి మునుపటిలాగే పడుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. పంతం పట్టి తిప్పుతూనే ఉన్నాడు. కాసేపటికి చెయ్యి ఆగిపోయింది. గట్టెక్కి బొగ్గు తెచ్చి, నీటికి పైన తేలిన వైపు గీత గీశాడు.

ఆ గీత ఉన్న వైపే వీపు చేసి చెక్కాడు. ఆ ముక్కకున్న ఒక్కగానొక్క చార పొట్ట కిందికి పోయింది. మనసు చివుక్కుమంది, అయినా పోనిచ్చాడు.

సాయంత్రం విసిరాడు. చేప బోర్లా తేలింది! తాడు మెల్లగా లాగితే అటూ ఇటూ తల తిప్పుతూ వచ్చింది. తామరాకుల పక్కన నీళ్లు ఒక్కసారిగా పైకి చిమ్మాయి. గాలం కర్ర వంగిపోయింది. గట్టు మీద చూస్తున్నవాళ్లవి కేకలే కేకలు. గంగారాం నవ్వుతూ, ఏడుస్తూ, మోచెయ్యంత కొరమీనును ఒడ్డుకు లాగాడు.

ఉస్తాద్ తన ఉలిని అతని చేతిలో పెట్టాడు.

"ఒక్కటే బాధ ఉస్తాద్. ఆ చార ఎవ్వలకూ కనవడది."

ఉస్తాద్ కొరమీను నోట్లోంచి ఎర తీసి, వెల్లకిలా తిప్పి చూపించాడు.

"కొరమీను కింది నుంచే చూస్తది, బేటా."