షట్టర్ తెరిచిన అరగంట

నూకరాజు చేతిలో ముప్పై ఆరు వేలున్నాయి. అనకాపల్లిలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. రెండింటికీ మించి, తన ఇంటిల్లిపాదీ తెలివైనవాళ్ళన్న ధీమా ఉంది.

"రాత్రి ఆకాశాన్ని తీస్తే ఒక్క ఫోటోలో వెయ్యి చుక్కలు పడతాయి. చుక్క రూపాయికి అమ్మినా ఫోటో వెయ్యి!" అని లెక్క తేల్చాడు. అంతే, ఉన్నదంతా పోసి కెమెరా కొన్నాడు. స్టూడియో తాళాలు పెళ్ళాం పైడితల్లికిచ్చి, తమ్ముడు అప్పలకొండతో రాజస్థాన్‌లోని ఎడారి పార్కుకి రైలెక్కాడు.

అక్కడ చుక్కలు చూపించే గైడు కూర్మారావు, పలాస వాడు. మనవాడే దొరికాడని అన్నదమ్ములు మురిసిపోయారు. పాపం, అతనే మురవలేదు.

"ముందు కళ్ళని చీకటికి అలవాటు చెయ్యండి" అన్నాడు. ఇద్దరూ కళ్ళు మూసుకుపోయేలా తలకి దుప్పట్లు చుట్టుకున్నారు.

"ఒక్క చుక్కా కనబడదేం అన్నయ్యా?"

"అలవాటు ఎక్కువైపోయుంటుంది. కాస్త తగ్గించు."

"కెమెరా మాత్రం కదలకూడదు" అని చెప్పి కూర్మారావు పక్క గుంపు దగ్గరికెళ్ళాడు. ఇంకేముంది, కెమెరాని నిలువునా ఇసుకలో పాతేశారు. దుప్పట్లు కాస్త పైకెత్తి, ఆనవాలుగా సరిగ్గా పైనున్న పెద్ద చుక్కని గుర్తుపెట్టుకున్నారు.

"షట్టర్ అరగంట తెరిచే ఉంచాలి!" దూరం నుంచి అరిచాడు కూర్మారావు.

నూకరాజు ఇంటికి ఫోన్ కొట్టాడు. "ఏమేవ్, స్టూడియో షట్టర్ ఎత్తి అరగంట వదిలెయ్!"

"ఇంత రాత్రా? దొంగలొస్తేనో?"

"అరగంట ఆగమను. మూశాక రమ్మను."

గంట తర్వాత పైడితల్లే ఫోన్ చేసింది. "దొంగల్ని ఆగమన్నానండీ, తొందర పనట, ఆగలేదు. కంప్యూటర్ బరువుంది, ఓ చెయ్యి వెయ్యమంటే వేశాను. లోపల ఇంకేమీ మిగల్లేదు గానీ, షట్టర్ మాత్రం సరిగ్గా అరగంటకి దించేశాను."

"శభాష్! మన ఇంటి తెలివి ఎక్కడికి పోతుంది?"

"స్టూడియో పోయిందిగా అన్నయ్యా, ఇక కెమెరా ఒక్కటే దిక్కు" అన్నాడు అప్పలకొండ. అంతే, పెద్ద చుక్క కింద తవ్వారు. కెమెరా లేదు. చుక్క జరిగింది. వీళ్ళూ జరిగారు. చుక్క పడమటికి పోయేకొద్దీ తవ్వుకుంటూ పోయారు.

తెల్లవారుజామున వచ్చి చూసిన కూర్మారావుకి ఒళ్ళు మండిపోయింది. "పార్కంతా గోతులు చేశార్రా! ఉండండి, మీకు పట్టపగలే చుక్కలు చూపిస్తాను!" అని గదికి పరిగెత్తాడు.

నూకరాజు మొహం వెలిగిపోయింది. "విన్నావురా? పగలు కూడా చుక్కలట! లాభం రెట్టింపు!"

"కెమెరా లేదుగా?"

"ముందు చూసి లెక్కపెట్టుకుందాం."

పొద్దెక్కింది. కూర్మారావు లావుపాటి కర్ర పట్టుకుని వస్తున్నాడు.

"స్టాండు కూడా తనే తెస్తున్నాడురా, ఎంత మంచివాడో!" అంటూ, చుక్కలు బాగా కనబడాలని తలకున్న దుప్పటి విప్పేసి, ఎదురెళ్ళడానికి చెప్పులు వెతుక్కుంటున్నాడు నూకరాజు.